ఎర్ర పెట్ట, పచ్చ పోతు

(పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్ల సాయంకాలం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే, మైకు కాస్త దగ్గరికి పెట్టుకుంటాను.

తెర మీద రెండు చిలుకలున్నాయి, చూడండి. ఎడమ పక్కది చిక్కటి ఆకుపచ్చ. పై ముక్కు మొదట్లో నారింజ రంగు, కొసకి వచ్చేసరికి పసుపు. కింది ముక్కు నలుపు. రెక్క ఎత్తితే చంక కింద ఎర్రటి ఈకలు, రెక్క అంచున కాస్త నీలం. కుడి పక్కదానికి తల నుంచి రొమ్ము దాకా ముదురు ఎరుపు. కడుపు మీదా మెడ వెనకా ఊదా కలిసిన నీలం. ముక్కు మొత్తం నలుపు. కంటి చుట్టూ సన్నగా ఒక నీలం గీత. రెండూ ఇంచుమించు ఒకే సైజు, అడుగు పైచిలుకు పొడవు, అరకిలోకి అటూ ఇటూ బరువు. ఇవి రెండు వేరువేరు జాతులనుకునేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఎత్తారు. మీరేం చిన్నబుచ్చుకోనక్కర్లేదు, ఐరోపా పక్షిశాస్త్రజ్ఞులు దాదాపు వందేళ్లు అలాగే అనుకున్నారు. (నవ్వులు)

దీన్ని ఎక్లెక్టస్ చిలుక అంటారు. న్యూగినీ, దాని చుట్టుపక్కల దీవులు, ఇండోనేషియాలోని మలుకు దీవులు, సుంబా, అటు సోలొమన్ దీవులు, ఇటు ఆస్ట్రేలియా ఈశాన్య కొసన ఉన్న కేప్ యార్క్, ఇదీ దాని రాజ్యం. దీనికి శాస్త్రీయ నామం మొదట పెట్టింది 1776లో. ఆ తర్వాత కూడా పచ్చదానికి ఒక పేరు, ఎర్రదానికి ఇంకో పేరు నడిచాయి. మ్యూజియం అరల్లో రెండిటికీ వేరువేరు చీటీలు. 1870ల మొదట్లో న్యూగినీలో తిరిగొచ్చిన జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎ. బి. మేయర్, పచ్చవన్నీ మగవి, ఎర్రవన్నీ ఆడవి, జాతి ఒక్కటే అని 1874లో అన్నాడు. అన్న వెంటనే ఎవరూ ఒప్పుకోలేదు. తొర్రలో ఎర్రది కూర్చుని ఉంటే పచ్చది వచ్చి నోటికి తిండి అందించటం ఆ అడవుల్లో ఉండేవాళ్ల కంటబడకుండా ఉంటుందని నేననుకోను. వాళ్లని ఎవరైనా అడిగుంటే ఈ గొడవ ముందే తీరేదేమో.

మేయర్ మాట చివరికి నిలబడింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

పక్షుల్లో రంగుల లెక్క మనందరికీ తెలిసిందే. నెమలి మగది సింగారించుకుంటుంది, ఆడది మట్టి రంగులో ఉంటుంది. ఎందుకంటే మగది పోటీపడాలి, ఆడది ఎంచుకోవాలి. 1871లో డార్విన్ రాసిందాని సారాంశం ఇదే. కొన్ని పక్షుల్లో ఇది తిరగబడుతుంది. మన వరిచేల గట్ల మీద పెయింటెడ్ స్నైప్ అని ఒక పిట్ట కనబడుతుంది. దాంట్లో ఆడదే అందగత్తె, మగది వెలిసిపోయినట్టు ఉంటుంది. కానీ అక్కడ పనులు కూడా తిరగబడ్డాయి. గుడ్లు పొదిగేది మగది, పిల్లల్ని సాకేది మగది. ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాన్ని వెతుక్కుంటూ పోతుంది. కొల్లేటిలో తామరాకుల మీద నడిచే జకానాలదీ అదే వరస. అక్కడ పోటీపడేది ఆడది కాబట్టి పెద్ద ఒళ్లో, మంచి రంగో దానికే దక్కుతుంది. దీనికీ డార్విన్ లెక్క సరిపోతుంది.

మరి ఎక్లెక్టస్‌లో? గుడ్లు పొదిగేది ఆడదే. పిల్లల దగ్గర ఉండేదీ ఆడదే. పనులేవీ తిరగబడలేదు. అయినా ఆడదే ఎర్రగా ఉంది. పోనీ మగదేమైనా వెలిసిపోయినట్టు ఉందా అంటే అదీ లేదు, దాని పచ్చదనం కూడా ధగధగలాడుతుంది. రెండూ మెరుస్తున్నాయి, కానీ పొంతన లేని రెండు రంగుల్లో.

డబ్ల్యూ. డి. హామిల్టన్ అని బ్రిటన్‌లో గొప్ప జీవశాస్త్రజ్ఞుడు ఉండేవారు. చీమలు, తేనెటీగలు తమ బంధువుల కోసం ప్రాణాలు ఎందుకిస్తాయో 1964లో లెక్కగట్టి చూపించినాయన. ఆయన తన ఉపన్యాసాల్లో ఈ చిలుకల బొమ్మ వేసి, వీటిలో ఒకటి ఎర్రగా ఇంకొకటి పచ్చగా ఎందుకుందో తెలిసిన రోజున నేను హాయిగా చచ్చిపోతాను అనేవారట. 2000లో, కాంగో నుంచి మలేరియాతో తిరిగొచ్చిన కొద్ది వారాలకే పోయారు. జవాబు అచ్చయింది 2005లో.

ఆ జవాబు దొరికిన చోటు గురించి కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియా పటంలో కుడి పక్క పైన కొమ్ములా పొడుచుకొచ్చేది కేప్ యార్క్. దాని తూర్పు తీరంలో ఐరన్ రేంజ్ అని చిన్న వానాడవి ఉంది. ఇప్పుడు ఆ జాతీయ పార్కు పేరు కుటిని-పయాము. మంచుయుగంలో సముద్రమట్టం తక్కువగా ఉన్నప్పుడు న్యూగినీ, ఆస్ట్రేలియా నేలతో కలిసే ఉండేవి. అందుకే ఆస్ట్రేలియాలో ఇంకెక్కడా కనబడని న్యూగినీ పక్షులు కొన్ని ఆ మూలన ఉన్నాయి. ఎక్లెక్టస్ వాటిలో ఒకటి. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ హైన్‌సన్, ఆయనతో సారా లెగ్, 1990ల చివరి నుంచి ఏళ్ల తరబడి అక్కడే మకాం వేశారు. పని ఏమిటంటే తాడు కట్టుకుని చెట్టెక్కటం. ఈ చిలుకల తొర్రలు ఎక్కువగా 15 నుంచి 30 మీటర్ల ఎత్తున ఉంటాయి. అంటే నాలుగైదంతస్తుల మేడ నుంచి తొమ్మిది పదంతస్తుల మేడ దాకా. ప్రతి తొర్రలోకీ తొంగిచూసి, గుడ్లు లెక్కబెట్టి, పిల్లల్ని తూచి, మళ్లీ దిగటం. కింద నిలబడి బైనాక్యులర్స్‌తో చూసే మనలాంటివాళ్లకి అది ఊహకి అందని కష్టం.

అలా ఎక్కి దిగగా తేలిందేమిటంటే, ఈ చిలుక సంసారమంతా తొర్ర చుట్టూనే తిరుగుతోంది.

చిలుకలు వడ్రంగిపిట్టలు కావు. గట్టి చెట్టు కాండాన్ని తొలుచుకుని ఇల్లు కట్టుకోలేవు. ఎప్పుడో ఒక కొమ్మ విరగాలి, ఆ గాయంలో బూజు పట్టాలి, చెదలు తినాలి, లోపల గుల్లవ్వాలి. అప్పటికి చిలుక పట్టేంత తొర్ర తయారవుతుంది. దానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది. పైగా తొర్ర ఉంటే చాలదు. నోరు సరిగ్గా ఉండాలి, లోతు ఉండాలి, కొండచిలువలకి అందకూడదు, వాన నీళ్లు నిలవకూడదు. ఐరన్ రేంజ్‌లో అలాంటి తొర్ర చదరపు కిలోమీటరుకి దాదాపు ఒకటి. దాని కోసం వచ్చేవాళ్లు ఎక్లెక్టస్‌లు మాత్రమే కాదు. తెల్ల కాకటూలు వస్తాయి. నల్లటి పామ్ కాకటూలు వస్తాయి. ఈ పామ్ కాకటూ మగది పుల్ల విరిచి, దాన్ని కాలితో పట్టుకుని, చెట్టు మీద డప్పు వాయిస్తుంది, అది మళ్లీ వేరే ప్రసంగం. ఇన్ని పక్షులకి ఆ కాసిని ఇళ్లే.

మనం ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటాం. ఈ పెట్టకి ముందు ఇల్లు, తర్వాతే పెళ్లి. మంచి తొర్ర దొరికిన పెట్ట దాన్ని వదలదు. గుడ్లు ఉన్నా లేకపోయినా, ఏడాదిలో 11 నెలల దాకా ఆ తొర్ర నోట్లోనో, పక్క కొమ్మ మీదో కూర్చునే ఉంటుంది. ఏళ్ల తరబడి అదే తొర్ర. కదిలితే ఇంకో పెట్ట ఆక్రమిస్తుంది. తొర్ర కోసం పెట్టలు పోట్లాడుకుంటాయి, మామూలు పోట్లాట కాదు, ప్రాణాలు పోయేదాకా. ఆ పరిశోధకులకి తొర్రల దగ్గర చచ్చిపడిన పెట్టలు దొరికాయి.

ఇప్పుడు ఎరుపు సంగతి చూడండి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం కదా, ఆ పెట్ట తన ఎర్రటి రొమ్ముతో చేస్తున్న పని అదే. అడవి పైకప్పు మీదుగా ఎగిరే ఇంకో పెట్టకి, ఆ పచ్చదనం మధ్య తొర్ర నోట్లో ఎర్రగా మెరిసేది చాలా దూరం నుంచి కనిపిస్తుంది. ఇక్కడ మనిషి ఉంది, వేరే చోటు చూసుకో అని. ప్రతిసారీ కొట్టుకు చావటం కంటే ముందే చెప్పటం ఇద్దరికీ లాభం. అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తే డేగ ఎత్తుకుపోదా అంటారా? ఆపద వస్తే ఒక్క గెంతుతో లోపలికి దూరిపోతుంది, గది దాని వెనకే ఉంది. దాగటానికి గోడలున్నదానికి ఒంటి రంగుతో దాగాల్సిన పని లేదు.

ఈ చివరి మాట అసలు కొత్తది కాదు. ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్, ఈ చిలుకలు తిరిగే దీవుల్లోనే ఏళ్ల తరబడి పక్షుల్ని పోగుచేసినాయన, 1860లలోనే అన్నాడు. తొర్రల్లోనో, కప్పు ఉన్న గూళ్లల్లోనో పొదిగే జాతుల్లో ఆడవి కూడా రంగురంగులుగా ఉంటాయి, తెరిచిన గూటిలో పొదిగేవే మాసిన రంగులో ఉంటాయి అని. ఆడదాని మీద డార్విన్ పెద్దగా దృష్టి పెట్టలేదు, వాలెస్ పెట్టాడు. ఎక్లెక్టస్ విషయంలో వాలెస్‌కి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక పోతు వైపు. పెట్ట తొర్ర వదలదు కాబట్టి దానికి తిండి పోతే మోయాలి. అంజూర జాతి పళ్లు, గింజలు, కాయలు, పూల తేనె, ఏవి దొరికితే అవి, కిలోమీటర్ల కొద్దీ ఎగిరి, కడుపులో వేసుకొచ్చి, పెట్ట నోట్లోకి కక్కుతుంది. రోజంతా చెట్ల పైన, ఆరుబయట, పెద్ద డేగల కంటి కింద తిరగాలి. అందుకే పచ్చ. ఆకుల్లో కలిసిపోవాలి.

అయితే మరి అంత మెరుపెందుకు? దీనికి వాళ్లు కొలిచి చెప్పిన జవాబు నాకు అన్నిటికంటే నచ్చింది. పక్షుల కళ్లకి మనకి కనిపించని అతినీలలోహిత కాంతి కూడా కొంత కనిపిస్తుంది, కానీ అన్ని పక్షులకీ ఒకే మోతాదులో కాదు. చిలుకల కన్ను ఆ కాంతిని బాగా పట్టుకుంటుంది. డేగ జాతుల కన్ను అంత బాగా పట్టుకోదు. పోతు పచ్చ ఈకలు ఆ అతినీలలోహిత కాంతిని కూడా వెదజల్లుతాయి. జాన్ ఎండ్లర్ అనే జీవశాస్త్రజ్ఞుడు కూడా ఈ లెక్కల్లో చేరి, ఈకల కాంతిని, ఆకుల కాంతిని, చెట్టు బెరడు కాంతిని యంత్రంతో కొలిచారు. ఏ కంటికి ఏది ఎంత తేడాగా కనిపిస్తుందో కట్టి చూశారు. ఆకుల మధ్య ఉన్న పోతు డేగకి పెద్దగా కనిపించదు. అదే పోతు తొర్ర ముందు బెరడుకి ఆనుకుని నిలబడితే ఇంకో చిలుక కంటికి మాత్రం వెలిగిపోతుంది. అంటే ఒకే చొక్కా శత్రువుకి ఒకలాగా, సాటి చిలుకలకి ఇంకోలాగా. ఈ వ్యాసమే 2005లో సైన్స్ పత్రికలో వచ్చింది.

ఒక తొర్ర దగ్గర పోతు ఒకటే ఉండదు. మంచి తొర్ర ఉన్న పెట్టకి నాలుగైదు పోతులు తిండి మోస్తుంటాయి, ఒక్కోచోట ఏడు దాకా కనిపించాయి. పిల్లల రక్తపు చుక్కలు తీసి డీఎన్ఏ చూస్తే, మోసినవాళ్లందరూ తండ్రులు కారని తేలింది. అలాగని పోతులు మరీ అమాయకులు కారు. కొన్ని పోతులు రెండు మూడు తొర్రల దగ్గర ఖాతా నడుపుతుంటాయి. (నవ్వులు) ఒక మంచి తొర్ర ఉన్న పెట్టలు తక్కువ, తిరిగే పోతులు ఎక్కువ. కాబట్టి పోతుల మధ్యా పోటీ ఉంది, పెట్టల మధ్యా పోటీ ఉంది. పోటీపడే వస్తువులు వేరు. పెట్టలకి తొర్ర కావాలి, పోతులకి తొర్ర ఉన్న పెట్ట కావాలి. అందుకే రెండూ మెరుస్తాయి, రెండూ వేరేగా మెరుస్తాయి. హామిల్టన్ గారు అడిగినదానికి నాకు అర్థమైనంతవరకు జవాబు ఇదే.

రంగు తయారీ గురించి రెండు ముక్కలు. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు తిండిలోంచి వస్తుంది, వాటి తిండి మారిస్తే తెల్లబడతాయి. చిలుకలు అలా కాదు. ఎరుపు, పసుపు రంగుల్ని చిలుకలు తమ ఈకల్లో తామే తయారుచేసుకుంటాయి. సిటకోఫల్విన్లు అంటారు వాటిని. ఇంకే పక్షి కుటుంబంలోనూ ఇవి లేవు. నీలం అసలు రంగు పదార్థమే కాదు. ఈక లోపలి సన్నటి అల్లిక మీద కాంతి చెదిరి మన కంటికి నీలంగా తోస్తుంది. రాలిన ఈకలు దొరికితే చేసి చూడండి. ఎర్ర ఈకని రోట్లో నూరితే ఎర్ర పొడే వస్తుంది. నీలం ఈకని నూరితే అల్లిక చెడి, నల్లటి పొడి మిగులుతుంది, నీలం ఎటు పోయిందో కనిపించదు. మరి పచ్చ? పసుపు పదార్థం మీదుగా ఆ నీలం కలిస్తే పచ్చ. చిలుకల్లో ఎరుపుకీ పసుపుకీ మధ్య తేడా ఒక ఎంజైము ఎంత పనిచేస్తుందన్నదాని మీద ఆధారపడి ఉందని 2024లో బయటపడింది. ఎంజైము గట్టిగా పనిచేస్తే పసుపు, మెల్లగా చేస్తే ఎరుపు. పోతుకీ పెట్టకీ మధ్య మనకి అంత దూరం కనిపిస్తుంది కానీ, రసాయనశాలలో ఎరుపుకీ పసుపుకీ దూరం తక్కువే.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం కఠినంగా ఉంటుంది. ముందు వరసలో చిన్నపిల్లలున్నారు, తల్లిదండ్రులు మన్నించాలి.

పెట్ట రెండు గుడ్లు పెడుతుంది. నెల్లాళ్లు పొదుగుతుంది. పిల్లలు తొర్ర వదిలి ఎగరటానికి ఇంకో రెండున్నర నెలలు పైనే పడుతుంది. ఆ లోపల కుంభవృష్టి పడితే కొన్ని తొర్రలు నీళ్లతో నిండిపోతాయి. లోపలున్న పిల్లలు మునిగి చచ్చిపోతాయి. చెప్పాను కదా, తొర్రలన్నీ సమానం కావని. ఆడపిల్ల మగపిల్ల కంటే త్వరగా ఎదుగుతుంది, వారం దాకా ముందు ఎగిరిపోగలదు. మునిగే ఇంట్లో ఆ వారం రోజులు చావుబతుకుల తేడా.

మునిగే తొర్ర ఉన్న పెట్టకి ఒక మగ, ఒక ఆడ పిల్ల పుడితే, చాలాసార్లు మగపిల్ల పుట్టిన మూడు రోజుల్లోపే చనిపోతోందని ఆ పరిశోధకులు గమనించారు. కొన్ని పిల్లల తల మీదా ఒంటి మీదా ముక్కు పోట్లు ఉన్నాయి. తల్లే చంపుతోంది. పొడి తొర్ర ఉన్న పెట్టలు ఇద్దరినీ పెంచుతాయి. ఈ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ఏది మగ, ఏది ఆడ అన్నది మూడు రోజుల పసిగుడ్డులో తల్లికి ఎలా తెలుస్తుంది? ఈ జాతిలో పిల్లల ఒంటి మీద తొలి నూగు రంగులోనే మగకీ ఆడకీ తేడా ఉంటుంది. ఈకలు రాకముందే కనిపించే తేడా. మిగతా పక్షుల్లో చాలావాటిలో తల్లికి ఆ సౌకర్యం ఉండదు, ఏది ఏదో తెలియదు.

దీన్ని మనుషుల సంగతులకి అన్వయించవద్దని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పెట్టకి కొడుకూ కూతురూ అన్న భేదం లేదు. ఇల్లు కారుతోంది, ఇద్దరిలో ఒక్కరే బయటపడేటట్టుంది, వానకి ముందు ఎగిరేది ఎవరన్నదే లెక్క.

గుడ్డులోనే లింగం ఎంచుకునే శక్తి కూడా వీటికి ఉందేమోనన్న అనుమానం ఇంకా పాతది. మనలో బిడ్డ మగా ఆడా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము తేలుస్తుంది. పక్షుల్లో తల్లి గుడ్డే తేలుస్తుంది. బోనులో పెంచిన ఒక ఎక్లెక్టస్ పెట్ట వరసగా 20 మగపిల్లల్ని కని, ఆ తర్వాత గానీ ఆడపిల్లని కనలేదని 1997లో హైన్‌సన్ బృందం రాసింది. నాణెం 20 సార్లు ఎగరేస్తే 20 సార్లూ బొమ్మే పడటమంటే, పది లక్షల ప్రయత్నాల్లో ఒకసారి జరిగే ముచ్చట. అది ఎలా చేస్తోందన్నది మాత్రం ఎవరూ విప్పి చూపించలేదు.

దీవుల గురించి గబగబా చెప్పేస్తాను. ఇన్నాళ్లూ ఒకే జాతి అన్నదాన్ని ఇప్పుడు పక్షుల జాబితాల్లో మలుకు, పపువా, సుంబా అంటూ వేరువేరు జాతులుగా విడదీశారు. సుంబా దీవి పెట్టకి ఒంటి మీద నీలం లేదు, నిలువెల్లా ఎరుపే. ఆ దీవిలో అడవి బాగా తరిగిపోయింది, పెద్ద చెట్లు పోతే తొర్రలు పోతాయి, వాటితో ఇదీ పోతుంది. ఇవి కాక ఇంకొకటి కూడా ఉండేది. టోంగా, వనువాటు దీవుల్లో దొరికిన ఎముకల్ని బట్టి 2006లో డేవిడ్ స్టెడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని గుర్తించాడు. మనుషులు ఆ దీవులకి చేరాక అది అంతరించింది. దాని పెట్ట ఏ రంగులో ఉండేదో ఎముకలు చెప్పవు.

నా వంతు అయింది, ఏమైనా అడిగేవాళ్లుంటే అడగండి. వెనక ఉన్న అమ్మాయికి మైకు ఇవ్వండి.

ప్రశ్న: సార్, మన రామచిలుక కూడా తొర్రలోనే కదా గుడ్లు పెట్టేది? మరి మన ఆడ చిలుక ఎర్రగా ఎందుకు లేదు?

బాగా అడిగావమ్మా. నేను చెప్పినదానికి గట్టి పరీక్ష అదే. తొర్రలో పొదిగితే చాలు ఎర్రబడుతుందంటే ప్రపంచంలో చిలుకలన్నీ ఎర్రబడాలి. మన రామచిలుక పెట్ట తొర్రలో ఉండేది గుడ్లూ పిల్లలూ ఉన్నంతకాలమే, ఏడాదికి ఒక మూణ్ణాలుగు నెలలు. మిగతా కాలమంతా గుంపుతో జొన్నచేలల్లో, జామతోటల్లో తిరగాల్సిందే, అంటే పోతు పడే భయాలన్నీ అదీ పడాలి. పచ్చగా ఉండటమే దానికి మంచిది. పైగా దానికి ఇళ్ల కరువు అంతగా లేదు. వడ్రంగిపిట్టలు తొలిచి వదిలేసిన కన్నాలు వాడుకుంటుంది, వాటిని కొరికి పెద్దవి చేసుకుంటుంది, పాత కోటగోడల్లో, మేడల్లో కన్నాలు దొరికినా సర్దుకుంటుంది. కాబట్టి కొట్టుకుచావాల్సిన పని లేదు, పోతుల మందని పోగేసుకునే అవకాశమూ లేదు. ఒక జంట, ఒక కాపురం. మగదాని మెడకి ఆ నలుపూ గులాబీ కంటె, అంతే తేడా. ఎక్లెక్టస్‌లో అరుదైనది ఏమిటంటే తొర్ర దొరక్కపోవటం, దొరికాక ఏడాదంతా కాపలా కాయటం, తిండి వేరేవాళ్లు మోయటం, ఈ మూడూ ఒకేచోట కలవటం. మూడిట్లో ఒకటి తీసేసినా లెక్క తప్పుతుంది. ఇది నేను కట్టిన లెక్క, కాదనేవాళ్లుంటే వినటానికి సిద్ధం.

ప్రశ్న: అది మాట్లాడుతుందా అండీ?

ఆ, బాగానే. పెంచేవాళ్లు చెప్పేదాన్ని బట్టి చిలుకల్లో స్పష్టంగా పలికేవాటిలో ఇదొకటి. అడవిలో మాత్రం గట్టిగా, గరుకుగా అరుస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో పెట్ షాపుల్లో అమ్ముతున్నారు. ఒక జంట తెచ్చుకుందామని మా అబ్బాయి గొడవ. తెచ్చుకోవచ్చా?

చట్టం సంగతి ముందు. మన రామచిలుకని పంజరంలో పెట్టటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, పండగకి జోస్యం చెప్పించుకునే చిలుకైనా సరే. ఎక్లెక్టస్ విదేశీ పక్షి, అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ రెండో జాబితాలో ఉంది. 2022 సవరణ తర్వాత అలాంటివి పెంచేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. కాగితాలు చూపించని షాపులో కొనకండి.

చట్టం పక్కనపెట్టినా, నన్నడిగితే వద్దనే అంటాను. పోతు సంగతి పర్లేదు, సౌమ్యంగానే ఉంటుంది. పెట్ట తత్వం వేరు, అది ఇంట్లో తిరగటం మొదలుపెట్టగానే చీకటి మూల కోసం వెతుకుతుంది. సోఫా కిందకి, బట్టల అల్మరాలోకి, చెప్పుల స్టాండు వెనక్కి దూరుతుంది. దూరిందంటే ఆ చోటు దానిదే. మీ అబ్బాయి చెప్పులు తీసుకోవటానికి చెయ్యి పెడితే ముక్కుతో చీరేస్తుంది. పంజరంలో గూటిపెట్టె పెడితే ఇక పోతు ఉన్నా లేకపోయినా గుడ్ల మీద గుడ్లు పెట్టి ఒళ్లు గుల్లచేసుకుంటుంది, అందుకే అనుభవమున్నవాళ్లు ఆ పెట్టె తీసేయమంటారు. అప్పటికే మీ ఇంట్లో ఉంటే మాత్రం అల్మరా తలుపులు వేసి ఉంచండి.